ఎల్క్ వేటకు ఏ గుండు, ఏ మందు?

అమెరికా పడమటికి ప్రయాణం కట్టేముందు, 1803లో, మెరివెదర్ లూయిస్ ఫిలడెల్ఫియాలో 52 సీసపు డబ్బాలు చేయించాడు. ఒక్కో డబ్బాలో సుమారు 4 పౌన్ల తుపాకిమందు పట్టేది. డబ్బా సీసం బరువు దాదాపు 8 పౌన్లు. మందు ఖాళీ అయ్యాక డబ్బాను కరిగించి గుండ్లు పోసుకుంటే ఆ మందుకు సరిపడా గుండ్లు వచ్చేవి. డబ్బా వృథా కాదు, మందు తడవదు. 1805-06 చలికాలమంతా కొలంబియా నది సముద్రంలో కలిసేచోట, ఫోర్ట్ క్లాట్సప్‌లో, ఆ దండు ప్రధానంగా ఎల్క్ మాంసంతోనే రోజులు వెళ్లదీసింది. ఆ సీజన్‌లో వందకు పైగా ఎల్క్‌లను కొట్టారు.

ఆ డబ్బాల్లో ఒక నిష్పత్తి ఉంది. మందు ఒక పాలు, సీసం రెండు పాళ్లు. అరవై ఏళ్లు తిరక్కుండానే, అమెరికా అంతర్యుద్ధంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకీలో 60 గ్రెయిన్ల మందుకు సుమారు 500 గ్రెయిన్ల సీసం వేశారు. అంటే ఒకటికి ఎనిమిది. 1990ల తర్వాత కొత్తరకం తుపాకీల ప్రకటనలు 150 గ్రెయిన్ల మందు మీద 250 గ్రెయిన్ల గుండు పెట్టమన్నాయి. అంటే మళ్లీ ఒకటికి రెండు కూడా లేదు. (గ్రెయిను చాలా చిన్న తూకం. పౌనుకు 7,000, గ్రాముకు 15 పైచిలుకు.) మూతి నుంచి దట్టించే తుపాకీతో ఎల్క్ వేటకు వెళ్లేవాళ్ల మధ్య నడిచే వాదమంతా ఈ నిష్పత్తి చుట్టూనే తిరుగుతుంది. మందు పెంచాలా, సీసం పెంచాలా? సీసమే పెంచాలన్నది నా పక్షం. దానికి కారణాలు చెప్పేముందు రంగం మీదున్నవన్నీ ఒకసారి చూడాలి.

మూతి నుంచి మందు పోసి, గుండు పెట్టి, కడ్డీతో దట్టించి పేల్చే తుపాకీని అక్కడ మజిల్‌లోడర్ అంటారు. మన అడవి పల్లెల్లో పంట కాపలాకు ఒకప్పుడు వాడిన నాటు తుపాకీదీ ఇదే పద్ధతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దగ్గర వేట ముచ్చట ముగిసింది, అది ముగియడమే మంచిదయింది. అమెరికా రాకీ పర్వత రాష్ట్రాల్లో మాత్రం వేట ఇప్పటికీ ప్రభుత్వం లెక్కకట్టి, లైసెన్సులు పంచి నడిపే వ్యవహారం. కొలరాడోలో ఎల్క్ మందలు ఆ ఖండంలోనే అన్నిటికన్నా పెద్దవి. అక్కడ మజిల్‌లోడర్ వాళ్లకు సెప్టెంబరు నడుమ తొమ్మిది రోజులు ప్రత్యేకంగా ఇస్తారు. డెన్వర్‌లోనో సాల్ట్ లేక్ సిటీలోనో స్థిరపడిన తెలుగువాళ్లకు ఆ నెలలో ఆఫీసు భోజనాల దగ్గర ఈ మాట చెవిన పడుతూనే ఉంటుంది.

ఆ తొమ్మిది రోజులకు అంత గిరాకీ ఎందుకంటే అది ఎల్క్‌లు జతకట్టే కాలం. మగ ఎల్క్ ఈల వేసినట్టు అరుస్తుంది, పిలుపుకు బదులిస్తుంది, ఒక్కోసారి యాభై గజాల దగ్గరికి తనే నడిచొస్తుంది. మామూలు రైఫిల్ సీజన్లు మొదలయ్యేసరికి ఆ సందడి సద్దుమణిగిపోతుంది. కాబట్టి మజిల్‌లోడర్ వేట స్వభావరీత్యా దగ్గరి వేట. గుండునూ మందునూ రెండు వందల గజాల లెక్కతో ఎంచుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

జంతువు సంగతి. నల్లమల కణుజును చూసినవాళ్లు దాన్ని ఇంకో పావువంతు పెంచి ఊహించుకోవచ్చు. రాకీ పర్వతాల మగ ఎల్క్ 700 పౌన్ల దాకా, అంటే 300 కిలోలు పైబడి తూగుతుంది. ఆడది 500 పౌన్లు. భుజపుటెముక మందం, చర్మం మందం, మెడ దగ్గర జూలు దట్టం. గుండె, ఊపిరితిత్తులు ముందుకాలి వెనక, ఛాతీ దిగువ సగంలో ఉంటాయి. రెండు ఊపిరితిత్తులూ చిల్లిపడినా వంద గజాలు పరుగెత్తగలదు. దట్టమైన ఫర్, ఆస్పెన్ చెట్ల మధ్య ఆ వంద గజాలు వెతకడానికి నెత్తుటి జాడే దిక్కు. గుండు ఒకవైపు దిగి లోపలే ఆగితే పైభాగపు చిల్లిలోంచి నెత్తురు బయటికి రాదు, ఛాతీలోనే నిండుతుంది. వచ్చిన కాస్తనూ దట్టమైన వెంట్రుకలు పీల్చుకుంటాయి. అందుకే ఎల్క్ మీద గుండుకు ఉండాల్సిన మొదటి గుణం రెండోవైపు నుంచి బయటికి రాగలగడం. వేగం, శక్తి, లోపల పువ్వులా విచ్చుకోవడం, అన్నీ దాని తర్వాతే.

ఇక అసలు ఎంపికలో సగం వేటగాడి చేతిలో ఉండదు, చట్టం చేతిలో ఉంటుంది. కొలరాడో నియమాలు చూడండి. ఎల్క్‌కు కనీసం 50 క్యాలిబర్, అంటే గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం. ప్లాస్టిక్ తొడుగులో చిన్న గుండును పెట్టే సాబోలు నిషిద్ధం. బిళ్లలుగా చేసిన మందు నిషిద్ధం, పొడిమందే పోసుకోవాలి. దుర్భిణి లేదు, మామూలు గురి గుర్తులే. పొగరాని ఆధునిక మందు అసలే లేదు. గుండు బరువు 50 క్యాలిబర్ దాకా కనీసం 170 గ్రెయిన్లు, అంతకు మించిన గొట్టానికి 210. ఆ అంకెలు చూస్తే పాతకాలపు గుండ్రటి సీసపు గుండుకు చోటు వదలడానికే పెట్టినట్టు కనిపిస్తుంది.

ఐడహో మజిల్‌లోడర్ సీజన్లలో ఇంకా బిగించారు. సుత్తి బయటికి కనిపించాలి, చకుముకి గానీ పాతకాలపు క్యాప్ గానీ నిప్పు పుట్టించాలి, షాట్‌గన్ తూటాల్లో వాడే 209 ప్రైమర్ పనికిరాదు. మోంటానా 2021లో పెట్టుకున్న 'హెరిటేజ్' సీజన్ డిసెంబరులో వస్తుంది, దాని దారీ అదే. దుర్భిణీల విషయంలో న్యూ మెక్సికో 2023లో, యూటా 2024లో వెనక్కి తగ్గి, చూపును పెద్దది చేసే అద్దాలను మజిల్‌లోడర్ వేటల నుంచి తీసేశాయి. మరోవైపు కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటలో సీసమే కూడదు. కాండర్ రాబందులు సీసపు తునకలు తిని చచ్చిపోవడం ఆ చట్టానికి మూలం. ఒక రాష్ట్రం మెచ్చే గుండును పొరుగు రాష్ట్రం పట్టుకుంటుంది. అందువల్ల 'ఎల్క్‌కు మంచి లోడ్ ఏది' అన్న ప్రశ్నకు 'ఏ రాష్ట్రంలో' అన్నదే మొదటి ఎదురుప్రశ్న.

ఈ కట్టుబాట్లను చాదస్తమని విసుక్కునేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ప్రత్యేక సీజన్ ఇచ్చింది కష్టమైన ఆయుధమని. ఆయుధాన్ని సులువు చేసుకుంటూ పోయి సీజన్ మాత్రం ఉంచమనడం న్యాయం కాదు. 1985లో మిస్సోరీకి చెందిన టోనీ నైట్ ఎంకే-85 అనే తుపాకీ తీసుకొచ్చాడు. నిప్పు నేరుగా గొట్టం వెనక నుంచి మందుకు తగిలే 'ఇన్‌లైన్' తరహాకు జనంలో ఊపు తెచ్చింది అదే. ఆ తర్వాత పదిహేనేళ్లలో సాబోలు, బిళ్లలు, దుర్భిణీలు వరసగా వచ్చిపడ్డాయి. ఇవాళ రాష్ట్రాలు గీస్తున్న గీతలన్నీ ఆ వరదకు వేసిన గట్లే.

గుండ్లలో అన్నిటికన్నా పాతది గోళీ గుండు. మెత్తటి సీసంతో పోసి, నూనె పట్టించిన నూలుగుడ్డ ముక్కలో చుట్టి దట్టిస్తారు. గొట్టంలోని మెలికల గాళ్లను పట్టుకునేది ఆ గుడ్డే. దీని గణితం చాలా కఠినం. బరువు వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 50 క్యాలిబర్ గొట్టంలో వాడే 0.490 అంగుళాల గోళీ 177 గ్రెయిన్లు. 54 క్యాలిబర్‌లో వాడే 0.530 గోళీ 224. 58కి వెళితే 278 దాటుతుంది. గొట్టం కాస్త వెడల్పయితే గుండు ఎంతో బరువెక్కుతుంది. సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు రాకీ కొండలకు వెళ్లేవాళ్ల కోసం చేసిన తుపాకీలు 50 నుంచి 54 క్యాలిబర్‌కు, ఆపైకి జరగడం ఊరికే కాదు. తూర్పున జింకకు చాలిన సన్న గొట్టం పడమట ఎల్క్‌కూ ఎలుగుకూ చాలలేదు.

గోళీకి శత్రువు గాలి. సెకనుకు 1,700 అడుగుల వేగంతో బయల్దేరిన 54 గోళీ వంద గజాలు చేరేసరికి వెయ్యి, పదకొండు వందల అడుగులకు పడిపోతుంది. శక్తి లెక్కలో చూస్తే మూతి దగ్గరున్న దానిలో మూడోవంతు మాత్రమే మిగులుతుంది. కాగితం మీద చూసినవాళ్లు దీనితో ఎల్క్ ఎలా పడుతుందని పెదవి విరుస్తారు. అర అంగుళం పైన వ్యాసమున్న మెత్తటి సీసం, విచ్చుకోకపోయినా, రెండు ఊపిరితిత్తుల్లోంచి తొలుచుకుపోయే చిల్లి చిన్నది కాదు. డెబ్బై గజాల లోపు, పక్కవాటుగా నిలబడ్డ ఎల్క్‌కు 54 గోళీ చాలు. భుజపుటెముక అడ్డొచ్చినా, జంతువు వాలుగా నిలబడినా చాలదు. 50 గోళీ చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

రెండో రకం, పొడుగు గుండు. కోనికల్ అంటారు. 1840ల చివర ఫ్రెంచి అధికారి క్లోద్-ఎతియేన్ మినియె దీని చరిత్ర మార్చాడు. గుండు అడుగున గుల్ల ఉంటుంది. గొట్టంలోకి వదులుగా జారుతుంది, పేలుడు ఒత్తిడికి ఆ గుల్ల అంచు విచ్చుకుని గాళ్లను పట్టుకుంటుంది. వేటకు ఇవాళ వాడే పొడుగు గుండ్లు చాలావరకు అడుగు గట్టివే. గుండు చుట్టూ ఉన్న సన్నని పట్టీలు దట్టించేటప్పుడే గాళ్లలోకి కోసుకుంటాయి. థాంప్సన్ సెంటర్ వారి మ్యాక్సీ-బాల్ 50 క్యాలిబర్‌లో 370 గ్రెయిన్లు, హోర్నడీ గ్రేట్ ప్లెయిన్స్ 385. చిన్న తయారీదారులు 460, 500 గ్రెయిన్ల దాకా పోసి అమ్ముతారు. వ్యాసం అంతే, బరువు గోళీకి రెండింతలు. గాలిని చీల్చుకుపోతుంది, ఎముకను లెక్కచేయదు, బయటికి వచ్చితీరుతుంది.

దీనికి ఒక షరతుంది, గొట్టంలోని మెలిక వేగం. గోళీ 60 నుంచి 70 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే నెమ్మది గొట్టాన్ని ఇష్టపడుతుంది. పొడుగు గుండుకు 28 నుంచి 38 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. లేకపోతే తలకిందులుగా దొర్లుకుంటూ పోయి గురి కాగితంలో పక్కవాటు చిల్లి పెడుతుంది. 1970 నుంచి అమ్మిన థాంప్సన్ సెంటర్ హాకెన్‌లో 48 అంగుళాల మెలిక పెట్టారు, రెండు పక్షాలకూ రాజీగా. చాలా గొట్టాల్లో ఆ రాజీ పొట్టి పొడుగు గుండ్లతో బాగానే కుదిరింది, 450 గ్రెయిన్ల పైవాటితో అంత కుదరదు. గుండు కొనేముందు తుపాకీ మెలిక ఎంతో తెలుసుకోవాలి. దుకాణంలో చాలామంది అడగని ప్రశ్న ఇదే.

సీసం మెత్తదనం గురించి నాలుగు మాటలు. గోళీకీ, గుల్ల అడుగున్న మినియె గుండుకీ స్వచ్ఛమైన మెత్తటి సీసమే కావాలి. గట్టి అడుగున్న పొడుగు గుండులో వేగం ఎక్కువగా ఉంటే ముప్పై నలభై పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలపడం మేలు. గుండు ఆకారం కోల్పోకుండా లోతుగా వెళుతుంది. కారు చక్రాల తూకపు బిళ్లలు కరిగించి పోసేవాళ్లుంటారు. అవి గట్టిగా ఉండి గాళ్లలోకి దట్టించడమే కష్టమవుతుంది.

మూడో రకం, సాబో. 45 క్యాలిబర్ పిస్టల్ గుండులాంటి దాన్ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి 50 గొట్టంలోంచి కొడతారు. తేలిక, వేగం, చదునైన దారి. బార్న్స్ రాగి గుండ్లు 250, 290 గ్రెయిన్లలో ఈ తరగతిలో ఉత్తమమైనవి. రాగి ముక్కలవదు, బరువు పోగొట్టుకోదు కాబట్టి తేలికైనా లోతుగా దిగుతుంది. సాబోలకు అనుమతి ఉన్నచోట 290 రాగి గుండుతో ఎల్క్ వేటకు వెళితే నాకు అభ్యంతరం లేదు. పలచని తొడుగుతో ఎక్కువ వేగానికి చేసిన జింక గుండ్లు మాత్రం దగ్గరిదూరంలో ఎల్క్ భుజం మీద చితికిపోగలవు. పవర్‌బెల్ట్ ఇంకో దారి. పూర్తి బోరు సీసపు గుండు, పైన రాగి పూత, అడుగున ప్లాస్టిక్ పావడ. దట్టించడం బహుసుళువు కాబట్టి జనం మెచ్చారు. తేలిక బరువుల్ని మందు దండిగా పోసి కొడితే ముక్కలవుతుందన్న చెడ్డపేరూ తెచ్చుకుంది. 400 గ్రెయిన్లకు పైబడ్డవి ఒదిగిన మందుతో ఆ పేరు నిలబెట్టుకోవు. ఇక్కడా తప్పు సీసం తగ్గించి మందు పెంచడంలోనే ఉంది.

సీసం వద్దనుకునేవాళ్లకు, వద్దని చట్టం ఉన్నచోట, సాబో కూడా లేకపోతే దారి ఇరుకే. రాగి గట్టిది, మూతి నుంచి దట్టించేటప్పుడు గాళ్లలోకి కోసుకోదు. అందుకే థార్ లాంటి పూర్తి బోరు రాగి గుండ్లను అంగుళంలో వెయ్యోవంతు తేడాలతో నాలుగైదు కొలతల్లో అమ్ముతారు, ఎవరి గొట్టానికి సరిపోయేది వాళ్లు చూసుకోవాలి. మాంసంలో సీసపు తునకల గురించి కూడా భయముంది. 2008లో నార్త్ డకోటాలో దానంగా ఇచ్చిన జింక మాంసంలో సీసం కనబడి పెద్ద గొడవయింది. నిదానంగా వెళ్లే బరువైన సీసపు గుండు వేగపు రైఫిల్ తూటా అంతగా తునకలు కాదు. అయినా గాయం చుట్టూ మాంసం దండిగా కోసి పారేయడం ఇంట్లో పిల్లలున్నవాళ్లకు తప్పనిసరి.

మందు విషయానికొస్తే, అసలు సిసలు తుపాకిమందు నేటికీ నూటికి 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. సురేకారం ఒకప్పుడు మన దేశం నుంచే ఓడలకెక్కేది. అంతర్యుద్ధం మొదలైన 1861లో డ్యుపాంట్ కుటుంబపు లామోట్ డ్యుపాంట్ లండన్ వెళ్లి ఉత్తర సైన్యం కోసం కొన్నది భారతదేశపు సురేకారమే. ఈ మందు కాలినప్పుడు బరువులో సగానికి పైగా ఘనపదార్థంగా మిగిలి పొగగా, మసిగా తేలుతుంది. ఆ మసి చెమ్మ పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. రవ్వ పరిమాణాన్ని ఎఫ్‌లతో చెబుతారు. ఎఫ్‌లు పెరిగేకొద్దీ రవ్వ సన్నం, మంట వేగం. 50, 54 గొట్టాలకు రెండు ఎఫ్‌లది. 45కీ, అంతకంటే చిన్నవాటికీ మూడు. నాలుగు ఎఫ్‌లది చకుముకి తుపాకీ పళ్లెంలో వేయడానికే.

ఎంత మసి అయినా అసలు మందుకు ఒక గొప్ప సుగుణం ఉంది, నిప్పు ఇట్టే అంటుకుంటుంది. చకుముకి తుపాకీలో మరేదీ నమ్మకంగా పేలదు. ఆ సుగుణమే దాని కష్టం కూడా. ఫెడరల్ చట్టం దీన్ని పేలుడు పదార్థంగా చూస్తుంది. క్రీడకోసం కొనే మనిషి 50 పౌన్ల దాకా లైసెన్సు లేకుండా కొనొచ్చు గానీ, అమ్మేవాడికి లైసెన్సు, నిల్వకు ప్రత్యేకమైన గిడ్డంగి కావాలి. అందువల్ల ఊరి దుకాణంలో ఇది అరుదు. అమెరికాలో ప్రధాన ఉత్పత్తి అయిన గోఎక్స్ కర్మాగారాన్ని 2021లో మూసేస్తున్నామన్నప్పుడు పాత తరహా వేటగాళ్లకు దిగులు పట్టుకుంది. మరుసటి ఏడాది దాన్ని కొని నిలబెట్టినవాళ్లు ఎస్టెస్ వాళ్లు, కొలరాడోలోని పెన్‌రోజ్‌లో పిల్లల బొమ్మ రాకెట్లు చేసే కుటుంబానికి చెందినవాళ్లు. ఆ రాకెట్ మోటార్లకు కూడా ఈ మందే కావాలి మరి. స్విట్జర్లాండ్ నుంచి వచ్చే 'స్విస్' మందు ఖరీదెక్కువ, బలమూ శుభ్రతా ఎక్కువ.

ఈ నిల్వ చిక్కుల వల్లే ప్రత్యామ్నాయాలు పుట్టాయి. పైరోడెక్స్‌ను 1970లలో కనిపెట్టిన డాన్ పాలక్ 1977లో తన తయారీశాలలో జరిగిన ప్రమాదంలోనే చనిపోయాడు. హాడ్జ్‌డన్ కంపెనీ దాన్ని దేశమంతా చేర్చింది. మసి కాస్త తక్కువ, తుప్పు మాత్రం అసలు మందుకు తీసిపోదు. ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు. నీళ్లతో కడిగితే చాలు, వాసన రాదు. ఘనపరిమాణంలో అసలు మందు కన్నా సుమారు 15 శాతం బలం ఎక్కువ, అంతమేర తగ్గించి పోయాలి. గొట్టంలో గుండు కూర్చునే చోట గట్టి మసి కడియం కడుతుందని దీనిమీద ఫిర్యాదు. తూటాకూ తూటాకూ మధ్య తడిగుడ్డ తోస్తే తీరే బాధ అది. బ్లాక్‌హార్న్ 209 తీరే వేరు. 2008లో మోంటానాలోని మైల్స్ సిటీ నుంచి వచ్చింది. చెమ్మ పట్టదు, మసి నామమాత్రం, వరసగా కొట్టినా గురి చెదరదు. కానీ పేరులోనే ఉన్నట్టు 209 ప్రైమర్ నిప్పు లేనిదే సరిగా అంటుకోదు. ఐడహో ప్రత్యేక సీజన్లకు అందుకే అది చేతికి రాదు. 209 ప్రైమర్‌కు అభ్యంతరం లేని కొలరాడోలో ఇన్‌లైన్ వాడేవాళ్లకు నా ఓటు దీనికే. సెప్టెంబరు మధ్యాహ్నాల్లో ఉరుములతో కురిసే అక్కడి వానలో మందు పొడిగా ఉండడం కన్నా పెద్ద వరం లేదు. బిళ్లలు సౌకర్యమే, నిషేధం లేనిచోట. అయితే బిళ్లల లెక్కలోనే పెంచాలి తగ్గించాలి, తుపాకీ కోరిన 85నో 95నో ఇవ్వలేవు.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు కొలతలో జరుగుతుంది. మజిల్‌లోడర్ మందును తూచరు, కొలగిన్నెతో కొలుస్తారు. 'వంద గ్రెయిన్లు' అంటే వంద గ్రెయిన్ల అసలు మందు ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత చోటు అని అర్థం. బ్లాక్‌హార్న్ ఆ చోటులో 70 గ్రెయిన్లే తూగుతుంది. త్రాసు మీద వంద తూచి పోసినవాడు దాదాపు ఒకటిన్నర రెట్లు పోసినట్టే. ఇక పొగరాని రైఫిల్ మందు గ్రెయిను పోసినా గొట్టం పగలొచ్చు. దానికోసమే కట్టిన సావేజ్ 10ఎంఎల్ లాంటి ఒకటి రెండు తుపాకీలు తప్ప మరేదీ ఆ ఒత్తిడి భరించదు. ప్రతి తుపాకీకీ తయారీదారు రాసిచ్చిన గరిష్ఠ పరిమితి ఉంటుంది, అది దాటకూడదు.

ఆ పరిమితి దాకా వెళ్లాలా అంటే, అక్కర్లేదు. 405 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,400 అడుగులతో బయల్దేరితే మూతి దగ్గర శక్తి సుమారు 1,760 అడుగు-పౌన్లు. వంద గజాల దగ్గర పదకొండు వందల పైన. ఎల్క్‌కు ఇది దండి. దీనికి 80 నుంచి 100 గ్రెయిన్ల కొలత సరిపోతుంది. అక్కడి నుంచి ఇంకో ముప్పై పోస్తే వేగం కొద్దిగా పెరుగుతుంది, భుజం మీద దెబ్బ చాలా పెరుగుతుంది. కాలని మందు కొంత మూతి ముందు మంటగా పోతుంది. దెబ్బకు జడిసి కన్ను మూసి మీట లాగే మనిషికి వేగంతో వచ్చే లాభమేమీ లేదు. వంద గజాలకు గురి సరిచేసిన ఇలాంటి గుండు నూట యాభై గజాల దగ్గర దాదాపు అడుగు కిందికి పడుతుంది. దుర్భిణి లేని కళ్లకు అక్కడున్న జంతువు భుజం కన్నా ముందుగుర్తే వెడల్పుగా కనిపిస్తుంది. కాబట్టి నూట యాభై గజాల కోసం మందు పెంచడం చేయకూడని గురికి చేసే ఖర్చు.

చిన్న వస్తువుల మాట. పొడుగు గుండు కింద, మందు పైన, ఉన్ని ఫెల్ట్ బిళ్ల ఒకటి పెట్టడం మంచి అలవాటు. మంట గుండు అడుగును తినకుండా ఆపుతుంది, గుండును పట్టి ఉంచుతుంది. గుర్రం మీదో వీపు మీదో మూతి కిందికి వేలాడేసి రోజంతా తిరిగితే వదులు గుండు మందు మీంచి జారే ప్రమాదముంది. గుండుకూ మందుకూ నడుమ ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బగలదు, పగలగలదు. దట్టించే కడ్డీ మీద గీత పెట్టుకుని, ఆ గీత మూతికి తగిలిందో లేదో పొద్దునా సాయంత్రం చూసుకోవాలి. అసలు మందుతో పెట్రోలియం గ్రీజు కలిస్తే తారులా గడ్డకడుతుంది, తేనెమైనం, కొవ్వు కలిపిన పాత పూతే మేలు. మూతికి ఒక ముక్క టేపు అంటిస్తే వాన లోపలికి రాదు, గుండు దాన్ని చించుకునే పోతుంది. రాత్రి తుపాకీని వెచ్చటి గుడారంలోకి తెచ్చి పొద్దున్నే చలిలోకి తీసుకెళితే లోపల చెమ్మ పడుతుంది. మూత పడ్డ చలిచోట భద్రంగా ఉంచడమే నయం.

నన్ను ఒక్క జత చెప్పమంటే రాష్ట్రాన్ని బట్టి చెబుతాను. కొలరాడోలో ఇన్‌లైన్ తుపాకీకి, 50 క్యాలిబర్, 400 నుంచి 460 గ్రెయిన్ల పూర్తి బోరు సీసపు గుండు, 90 కొలత బ్లాక్‌హార్న్. ఐడహోలో సుత్తి తుపాకీకి, మెలిక ఒప్పుకుంటే 385 గ్రెయిన్ల గుండు, 80 లేక 90 కొలత రెండు ఎఫ్‌ల అసలు మందు. చకుముకి ప్రియులకు 54 గోళీ, 90 నుంచి 100 కొలత, డెబ్బై గజాల హద్దు. సీసం కూడని కాలిఫోర్నియాలో, అదృష్టం పండి టూలీ ఎల్క్ లైసెన్సు తగిలితే, బరువైన రాగి గుండు. వీటన్నిటిలోనూ తుపాకీదే చివరి మాట. పది అంగుళాల కాగితపు పళ్లెంలో ఏ దూరం దాకా, నిలబడో మోకరించో, ప్రతి గుండూ పడుతుందో అదే ఆ మనిషి హద్దు. బల్ల మీద ఇసుక సంచి ఆనించి కొట్టిన గుంపు లెక్కలోకి రాదు.

వెళ్లదలచినవాళ్లకు రెండు మాటలు. కొలరాడోలో మజిల్‌లోడర్ ఎల్క్ లైసెన్సులు లాటరీలోనే ఇస్తారు, దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి, మజిల్‌లోడర్ సీజన్‌లోనూ ముదురు నారింజ లేక గులాబీ రంగు బట్టలు వేసుకోవాలి. వీసా మీదున్నవాళ్లకు తుపాకీ దగ్గరుంచుకోవడంపై ఫెడరల్ ఆంక్షలున్నాయి. పాత తరహా మజిల్‌లోడర్లకు మినహాయింపు ఉన్నా అన్ని ఇన్‌లైన్‌లకూ అది వర్తించదు, రాష్ట్ర చట్టాలూ వేరువేరు. స్నేహితుడి మాట మీద కాకుండా న్యాయవాదిని అడిగి అడుగు వేయండి. ఏ రాష్ట్రానికి వెళుతున్నారో ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆ ఏడాది వేసిన నియమాల పుస్తకం ముందు చదవండి, తర్వాతే గుండ్లు కొనండి. జులై కల్లా గుండూ మందూ తేల్చుకోండి, ఆ తర్వాత వాటిని మార్చకండి.